అత్తమ్మకు బదిలీగా నేను చేసిన యుద్ధం

ఇరవై నాలుగేళ్ల వయసులో మనిషికి తెలియనిది అంటూ ఏదీ ఉండదు. నాకు ఆ వయసున్న రోజుల్లో మామూలు కంటే ఇంకాస్త ఎక్కువే తెలుసు. గోదావరిఖనిలో ఒక వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరిన కొత్త. పొద్దంతా పంపులు విప్పడం, బేరింగులకు గ్రీజు పూయడం, మళ్లీ బిగించడం, బిగించింది సరిగ్గా లేదని ఫోర్‌మన్‌తో తిట్లు తిని మళ్లీ విప్పడం. సాయంత్రం సైరన్ మోగి గేటు దాటానంటే చాలు, ఇక నేను అప్రెంటిస్‌ను కాను, పన్నెండు మంది రాక్షసులకు సేనాధిపతిని. (ఆ పన్నెండు మందిలో చాలామంది నా బొటనవేలంత ఎత్తు ఉండేవాళ్లన్నది వేరే విషయం.) ఆ రోజుల్లో నా నడక కూడా మారిందని, భుజాలు ఎగరేసి నడుస్తున్నానని మా అమ్మ అనేది. మెడ పట్టిందేమోనని ఒక రోజు వేడి ఉప్పు మూటతో కాపడం కూడా పెట్టింది.

ఆట గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒక పెద్ద బల్ల. దాని మీద అట్టలతో, థర్మాకోల్‌తో చేసిన గుట్టలు, చెట్లు, పాడుబడ్డ కోటలు. ఇటు ఒకరి సైన్యం, అటు ఒకరి సైన్యం. అందులో రాక్షసులుంటారు, మాంత్రికులుంటారు, రెక్కల గుర్రాలుంటాయి. అన్నీ చిన్న చిన్న బొమ్మలు, మనమే ఒక్కొక్కదానికి సన్న కుంచెతో రంగులు వేసుకోవాలి. టేపు పట్టి కొలిచి నడిపించాలి, పాచికలు వేసి కొట్లాడాలి. ఒకరి తర్వాత ఒకరు ఆడితే ఒక విడత. ఆరు విడతలు అయ్యేసరికి బల్ల మీదున్న మూడు గుట్టల్లో ఎవరి చేతిలో ఎక్కువ ఉంటే వాళ్లు గెలిచినట్టు. ఈ ఆటను మా ఊరికి తెచ్చింది రూల్‌బుక్ అన్న. ఆయన ఒక ఆఫీసులో క్లర్కు. ఆట పుస్తకం రెండు వందల పేజీలూ ఆయనకు నోటికి వచ్చు. భార్యతో గొడవ వచ్చినా పేజీ నంబరు చెప్పి మాట్లాడతాడని అనుకునేవాళ్లం. మూడో మనిషి జ్యోతినగర్ చెల్లె. వాళ్ల నాన్న అక్కడ ఇంజనీరు. ఆ అమ్మాయి రంగులు వేసిన బొమ్మలను చూస్తే కనురెప్పలు కూడా కనిపించేవి. (నేను రంగులు వేసిన రాక్షసులకు ముక్కు ఎక్కడుందో నాకే తెలిసేది కాదు. రాక్షసులకు ముక్కుతో ఏం పని అని సర్ది చెప్పుకునేవాణ్ణి.) మొత్తం మీద మా సంఘంలో గట్టిగా ఆడేది ముగ్గురమే. ఆ ముగ్గురిలో ఎక్కువ గెలిచేది నేను. ముగ్గురిలో మొదటివాడినైనందుకు ముప్పై లక్షల మందిలో మొదటివాడిలా తిరిగేవాణ్ణి.

ఇంతలో హైదరాబాద్‌లో పెద్ద పోటీ పెడుతున్నారని కబురు వచ్చింది. చిన్న ఊళ్ల సంఘాలకు ఒక్కొక్క సీటు. అంటే గోదావరిఖని నుంచి ఒక్కరే పోవాలి. ఆ ఒక్కరు నేనేనని నాకు అనుమానం కూడా లేదు. వర్క్‌షాపులో అప్పటికే అందరికీ చెప్పేశాను. సెలవు చీటీ కూడా రాసి పెట్టుకున్నాను. కానీ రూల్‌బుక్ అన్న ఊరికే వదిలే మనిషి కాదు. నాకూ జ్యోతినగర్ చెల్లెకూ ఆఖరుగా ఒక మ్యాచ్ పెడతానన్నాడు. ఒక తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి గీతలు కొట్టి, 'ఆదివారం నాటి మ్యాచ్‌లో గెలిచినవారే హైదరాబాద్ వెళ్లవలెను' అని రాశాడు. కింద ముగ్గురితో సంతకాలు పెట్టించి, ఆడే చోట గోడకు అతికించాడు.

ఆడే చోటు అంటే మా మేనత్త క్వార్టర్ ముందున్న రేకుల పందిరి. అక్కడ ఒక పాత తలుపును రెండు డ్రమ్ముల మీద పరిచి మా యుద్ధభూమి చేసుకున్నాం. అత్తమ్మ బాయి మీద ల్యాంప్ రూమ్‌లో పని చేసేది. (మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటారు.) మామయ్య ఆరోగ్యం దెబ్బతిని పని మానేస్తే ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్ల సర్వీసు. బాయి దిగే ప్రతి మనిషి తన నంబరు బిళ్ల ఆమెకిచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే లోపల మనిషి మిగిలినట్టు. అందుకే ఆమెకు లెక్కపెట్టడం ఊపిరి తీసుకున్నంత అలవాటైంది. పెళ్లి పంక్తిలో కూర్చున్నా ముందు విస్తళ్లు లెక్కపెట్టేది. మేం పిల్లలం ఎవరింటికి పోయినా తిరిగి వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబెట్టి తలలు లెక్కపెట్టందే కదలనిచ్చేది కాదు.

ఆ ఆదివారం పొద్దున నేను బొమ్మలన్నీ సర్దుకుని కూర్చునేసరికి రూల్‌బుక్ అన్న ముఖం వేలాడేసుకుని వచ్చాడు. చెల్లె పెద్దపల్లిలో ఏదో ఫంక్షన్‌కు పోవాల్సి వచ్చిందట. బొమ్మల పెట్టె మాత్రం పంపించింది. "అయితే నేనే గెలిచినట్టు" అన్నాను. "మ్యాచ్ కాకుంట గెలుసుడు ఏ పేజీల ఉన్నది?" అన్నాడు అన్న. ఆయన రిఫరీ కాబట్టి ఆడకూడదు. అప్పుడే అత్తమ్మ చాయ్ తెచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూసింది.

"ఏందిరా, గంత పరేషాన్ ఉన్నరు?"

విషయం చెప్పాం. ఆమె బల్ల వైపు, పెట్టెలోని బొమ్మల వైపు చూసి, "నేను కూసుంట తియ్యిండ్రి. ఇయ్యాల నాకు డ్యూటీ లేదు" అంది.

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది, తలుచుకుంటే సిగ్గేస్తుంది. "అత్తమ్మ, ఇది అష్టాచమ్మ కాదు. మస్తు కష్టం ఉంటది" అన్నాను. "మరి నాకు చెప్పురాదు, నేర్సుకుంట" అంది. సరే, గంటలో ముగించేద్దాం, సెలవు చీటీ ఇచ్చేద్దాం అనుకున్నాను.

చెల్లె పెట్టెలో ఉన్నది మరుగుజ్జుల సైన్యం. గడ్డాలు, టోపీలు, చేతుల్లో గునపాలు, నడుములకు దీపాలు. అత్తమ్మ ఒక్కొక్కరినే బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని చూసింది. ఆమె ముఖం విప్పారింది. "అగో! వీళ్లు మన బాయోళ్లే గద!" అంది. ఇక ఆమెకు ఆట చెప్పడానికి నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. నేను "వీడు సేనాపతి" అంటే ఆమె "ఓవర్‌మన్" అనేది. నేను "వీడు మందు పాతర వేసేవాడు" అంటే "షాట్‌ఫైరర్, ఎర్కనే" అనేది. సైన్యం మొత్తానికి సుద్దముక్కతో అడుగున నంబర్లు వేసుకుంది. "నావి పదిహేను. నీయి పన్నెండు. రాసుకో అన్నా" అని రూల్‌బుక్ అన్నకు చెప్పింది. ఆయన నిజంగానే రాసుకున్నాడు.

నా పన్నెండులో ఒకటి మామూలుది కాదు. పాతాళ జెర్రి. జానెడు పొడుగుంటుంది, నూట ఎనిమిది కాళ్లు ఉంటాయి, అన్నింటికీ నేనే రంగు వేశాను. మొదట్లో అది బల్ల మీద ఉండదు. భూమి కింద తవ్వుకుంటూ వస్తున్నట్టు లెక్క. మూడో విడత నుంచి నేను ఎప్పుడంటే అప్పుడు, ఏ గుట్ట కింద నుంచైనా దాన్ని పైకి తేవచ్చు. అది వచ్చిందంటే ఆ గుట్ట నాదే. అందుకే దాన్ని పక్కనున్న స్టూలు మీద పెట్టి, ఎదుటివాళ్లు భయపడకుండా పైన ఒక తువ్వాల కప్పాను. (అత్తమ్మ భయపడుతుందని జాలిపడ్డాను. నా జాలి గురించి తర్వాత చెబుతాను.)

ఆట మొదలైంది. నేను సేనాధిపతిని కాబట్టి ఆడుతున్నంతసేపూ ఉపన్యాసం ఇచ్చాను. చూడు అత్తమ్మ, ఇట్లా ముట్టడించాలి, ఇట్లా చీల్చాలి, దీన్ని వ్యూహం అంటారు. ఆమె తల ఊపుతూ తన మనుషులను ఇద్దరిద్దరిగా నడిపించింది. "ఒక్కన్ని పంపురాదు, జల్ది పోతడు" అని నేనంటే, "బాయిల ఒక్కన్ని పంపరు బిడ్డా" అంది. దెబ్బ తగిలినవాణ్ణి వెనక్కి తెచ్చి, వాడి తావులో కొత్తవాళ్లను పెట్టింది. "సెకండ్ షిఫ్టు" అంది. నా రాక్షసులు ఎంత మీద పడ్డా ఎదురుగా ఎప్పుడూ ఇద్దరు తాజా మనుషులు ఉండేవాళ్లు. నాకు చిరాకు మొదలైంది. చిరాకు వచ్చేకొద్దీ ఉపన్యాసం పెరిగింది.

మూడో విడత మొదట్లో అత్తమ్మ బల్ల వైపు చూసి అడిగింది. "అల్లుడా, నీ వాళ్లందరు దిగిన్రా?"

"దిగిన్రు, దిగిన్రు. నువ్వు ఆడు."

నాలుగో విడతలో మళ్లీ అడిగింది. "అందరు దిగిన్రా?" అప్పటికి ఆమె మరుగుజ్జులు నా మాంత్రికుణ్ణి మూలనున్న కోట గోడకు ఆనించి కొడుతున్నారు. "దిగిన్రంటున్న గదా అత్తమ్మ! ఎన్ని మాట్ల చెప్పాలె?" అని కసిరాను. ఐదో విడతలో మూడోసారి, ఈసారి నా కళ్లలోకి చూసి, నెమ్మదిగా అడిగింది. నేను పాచికలు విసురుతూ చెయ్యి ఊపాను. ఆరో విడత అయిపోయేసరికి రెండు గుట్టలు అత్తమ్మవి, ఒకటి నాది. రూల్‌బుక్ అన్న చాయ్ గ్లాసు కింద పెట్టి, "గెలుపు అత్తమ్మది" అని ప్రకటించాడు.

నేను ఏమన్నానో చెబితే మీరు నవ్వుతారు. పాచికలు బాగాలేవన్నాను. బల్ల ఒక పక్క వంగి ఉందన్నాను. ఎండ కళ్లలో పడిందన్నాను. అత్తమ్మ తన మనుషులను నంబర్ల వారీగా పెట్టెలో పెట్టింది. పదిహేను లెక్క తేలాక నా వైపు తిరిగింది.

"నాయి సరిపోయినయ్. నీ పన్నెండోడు ఏడి?"

"ఎవడు?"

ఆమె స్టూలు మీది తువ్వాల ఎత్తింది. నూట ఎనిమిది కాళ్లతో నా జెర్రి అట్లాగే ఉంది. తాత బాయి పని చేశాడు, నాన్న బాయి పని చేశాడు, నేను మాత్రం భూమి లోపలికి పంపినవాణ్ణి లోపలే మరిచిపోయాను. నా ఉపన్యాసాల సందడిలో నా సైన్యంలోకెల్లా పెద్దది నాకే గుర్తు లేదు. "నీకు మొదటి సంది ఎర్కనేనా? మరి చెప్పలేదేంది?" అని అత్తమ్మ మీదికి లేచాను. రూల్‌బుక్ అన్న వైపు తిరిగి "నీకు?" అన్నాను. "ఎర్కే. కానీ రిఫరీ చెప్పొద్దు. ఎదుటోడు గుడ చెప్పాలని ఎక్కడ లేదు. పేజీ డెబ్బై ఒకటి" అన్నాడాయన.

"నేను చెప్పలేదా?" అంది అత్తమ్మ. "మూడు మాట్ల అడిగిన. మా తాన అదే పద్ధతి. మొదటి మాటు మనిషి పరాకుల అంటడు. రెండో మాటు కోపంల అంటడు. మూడో మాటుకన్న ఆగి ఆలోచిస్తడు. నువ్వు ఆలోచించకపోతివి, నేనేం చెయ్యాలె?"

తర్వాత ఆమె బల్ల అంచున కూర్చుని ఒక సంగతి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోజు షిఫ్టు ముగించి పైకి ఎక్కిన గ్యాంగును అందరు ఎక్కిన్రా అని అడిగిందట. ఎక్కిన్రు అన్నారట. ఒక్కసారే అడిగింది. తీరా చూస్తే బోర్డు మీద ఒక బిళ్ల మిగిలి ఉంది. ఒక దుంగలు మోసే కార్మికుడిది. సైరన్ మోగింది, మనుషులు లోపలికి పరుగెత్తారు, మూడు గంటలు వెతికారు. ఆ మహానుభావుడు కడుపునొప్పని ముందే ఇంకో దారిలో ఎక్కి, దీపం ఇంట్లో పడేసి, మ్యాటినీకి పోయాడట. ఇంటర్వెల్‌లో ఎవరో చెబితే పల్లీల పొట్లంతో సహా వచ్చి నిలబడ్డాడు. "నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక వాని ముంగట్నే బోరున ఏడ్సిన. ఆ మూడు గంటలు నా పానం నా తాన లేదు. ఇంకో రెండు మాట్లు అడిగితే గ్యాంగుల ఎవరికన్న యాదికొస్తుండె. గా దినం సంది మూడు మాట్లు అడుగుత" అంది. "ఆటల ఓడినవని నాకు ఫికర్ లేదు అల్లుడా. మనిషిని మర్సిపోతివి. అది మంచిగ లేదు."

నేను తల దించుకున్నాను. బొమ్మను మనిషి అంటోందేమిటి అని నవ్వుకునే ధైర్యం కూడా రాలేదు.

ఇంతలో రూల్‌బుక్ అన్న గోడ మీది కాగితం దగ్గరికి పోయి గొంతు సవరించుకున్నాడు. గెలిచినవారే హైదరాబాద్ వెళ్లవలెను. గెలిచింది అత్తమ్మ. కాబట్టి హైదరాబాద్ పోయేది అత్తమ్మ. సంతకాలు తప్ప కాగితం మీద చెల్లె పేరూ లేదు, నా పేరూ లేదు, అత్తమ్మ పోకూడదని కూడా లేదు. వర్క్‌షాపులో అందరికీ చెప్పుకున్నది, రాసి పెట్టుకున్న సెలవు చీటీ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఏడుపు ఒక్కటే తక్కువ. అత్తమ్మ నన్ను చూసి, చేతికంటిన సుద్ద కొంగుకు తుడుచుకుంది.

"నాకు ఆ దినం ఫస్ట్ షిఫ్టు ఉన్నది. నేను పోను. నా తావుల వీడు పోతడు, బదిలీ" అంది.

బాయి మీద పర్మనెంట్ మనిషి రాని రోజు ఆ పని చేయడానికి బదిలీ వర్కర్ ఉంటాడు. ఆ పద్ధతి రూల్‌బుక్‌లో లేదు కానీ, అన్న కూడా బాయోళ్ల బిడ్డే, కాదనలేకపోయాడు. కాగితం కింద 'అత్తమ్మకు బదిలీగా' అని రాసి నా చేత మళ్లీ సంతకం పెట్టించాడు. సేనాధిపతి పదవి పోయి బదిలీ వర్కర్‌నయ్యాను. అయినా ఆ సాయంత్రం ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఆ తర్వాత రెండు వారాలు అత్తమ్మ నాకు ట్రైనింగ్ ఇచ్చింది. వ్యూహాలు కాదు, లెక్కపెట్టడం. సోడా మూతల మీద నంబర్లు రాసి, చిన్న చెక్కకు మేకులు కొట్టి తగిలించమంది. బొమ్మ బల్ల మీదికి వస్తే మూత ఇటు, పడిపోతే అటు. ప్రతి విడతకూ నోటితో పైకి లెక్కపెట్టాలి, మనవీ ఎదుటివాళ్లవీ. మొదట్లో సిగ్గేసింది. నాలుగు రోజులకు అలవాటైంది. వారానికి వర్క్‌షాపులో బోల్టులు కూడా పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. విప్పిన పంపులో బోల్టు మిగలకుండా బిగించింది అదే మొదటిసారి. ఫోర్‌మన్ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు, జ్వరం ఉందేమోనని.

హైదరాబాద్‌లో పోటీ ఒక పెద్ద ఏసీ హాల్లో. బొమ్మల కోసం తాళాలు వేసే పెట్టెలు, లోపల స్పాంజి గూళ్లు. నేను నా రాక్షసులను గోధుమపిండి డబ్బాలో, పాత లుంగీ ముక్కల మధ్య తీసుకుపోయాను. సోడా మూతల చెక్క బల్ల మీద పెట్టగానే నాలుగు బల్లల దాకా నవ్వు వినిపించింది. కానీ లెక్కపెట్టడం మొదలుపెట్టాక ఎవరూ వినిపించలేదు. మొదటి మ్యాచ్‌లో నా జెర్రి సరిగ్గా మూడో విడతకు పైకి వచ్చింది, గెలిచాను. రెండోదీ గెలిచాను. వెనక నిలబడ్డ రూల్‌బుక్ అన్న నా భుజం నొక్కి, "ఇదొక్కటి గెలిస్తే మొదటి ముగ్గుర్ల ఉంటవు, వచ్చే ఏడు మన ఊరికి రెండు సీట్లు. చెల్లె గుడ రావచ్చు" అన్నాడు.

మూడో మ్యాచ్‌లో ఎదురుగా కూలింగ్ గ్లాసులు నెత్తి మీదికి తోసుకున్న కుర్రాడు. వాడిది అడవి దేవతల సైన్యం, పది బొమ్మలు. మంచి ఆటగాడు, నాకంటే చాలా మంచి ఆటగాడు. అయినా మూడో విడతకు రెండు గుట్టలు నా చేతిలో ఉన్నాయి. ఎందుకబ్బా అనుకుంటూ అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. నావి పన్నెండు. వాడివి తొమ్మిది, పడినవాళ్లు ఎవరూ లేరు. పదోది ఆకాశం నుంచి దిగే తెల్ల గద్ద. అది వాడి కుర్చీ మీదున్న పెట్టెలోనే ఉంది. మాటల్లో పడి మరిచిపోయాడు. (వాడు కూడా పక్కవాళ్లకు ఉపన్యాసం ఇస్తూ ఆడుతున్నాడు. నాకు వాడి మీద ప్రేమ పుట్టింది.)

చెప్పాల్సిన పని లేదు. పేజీ డెబ్బై ఒకటి. అయినా నోరు ఊరుకోలేదు. "అందరు దిగిన్రా?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. "మీ వాళ్లందరూ వచ్చారా అని." "వచ్చారు బ్రో, ఆడు" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. నాలుగో విడతలో మళ్లీ అడిగాను. ఈసారి వాడికి కోపం వచ్చి చెయ్యెత్తి జడ్జిని పిలిచాడు. "సార్, ఇతను కావాలని డిస్టర్బ్ చేస్తున్నాడు." జడ్జి నన్ను మందలించి పోయాడు. మంచిది, రెండుసార్లు అడిగాను, తిట్లు కూడా తిన్నాను, ఇంకెవరు మాత్రం ఏమంటారు అనుకున్నాను. ఐదో విడత వచ్చింది. ఇంకోసారి మాట్లాడితే జడ్జి ఆట నుంచి లేపేస్తాడేమో. మాట్లాడకపోతే గెలుస్తాను, చెల్లెకు సీటు వస్తుంది. వెనక రూల్‌బుక్ అన్న ఊపిరి నాకు వినిపిస్తోంది. ఆయన కూడా లెక్కపెట్టాడని ఆ ఊపిరిని బట్టే తెలిసింది.

"బ్రదర్, కోపం చెయ్యకు. ఒక్కసారి లెక్కపెట్టుకో" అన్నాను.

వాడు నన్ను అవమానించడానికే లెక్కపెట్టాడు. వేలు పెట్టి, గట్టిగా, ఒకటి, రెండు అంటూ. తొమ్మిది దగ్గర వేలు ఆగింది. కుర్చీ వైపు చూశాడు. నా వైపు చూశాడు. తెల్ల గద్ద ఐదో విడతలో దిగింది, ఆరో విడతలో నా గుట్టను తన్నుకుపోయింది. ఓడిపోయాను. మొత్తం మీద నాలుగో స్థానం. వాడు కూలింగ్ గ్లాసులు తీసి జేబులో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. బస్సులో కరీంనగర్ దాటేదాకా రూల్‌బుక్ అన్న నాతో మాట్లాడలేదు. దాటాక, "అడుగొద్దని రూలేం లేదు గానీ, నేనైతే మూడోసారి అడుగకపోదును" అన్నాడు. ఆయన పేజీ నంబరు లేకుండా మాట్లాడడం అదే మొదటిసారి విన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఫస్ట్ షిఫ్టువాళ్లు పైకి ఎక్కి వచ్చే వేళకు బాయి దగ్గరికి పోయాను. ల్యాంప్ రూమ్ కిటికీ పక్కన నిలబడి అంతా చెప్పాను. సీటు పోయిందని, చెల్లెకు ముఖం ఎట్లా చూపించాలో తెలియడం లేదని కూడా చెప్పాను. అత్తమ్మ వింటూనే దీపాలు తీసుకుని బిళ్లలు ఇస్తోంది. నేను ఆపాక, "ఇయ్యాల్టి నుంచి నువ్వు బదిలీ గాదు. పర్మనెంట్" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఎక్కి వచ్చిన ప్రతి మనిషినీ కిటికీ దగ్గర ఆపి, "ఇగో, మా అల్లుడు. హైదరాబాద్ల మూడో మాటు గుడ అడిగిండు, ఓడిపోయిండు" అని చెప్పడం మొదలుపెట్టింది. ఏ ఆట, ఏం కథ, ఎవరికీ తెలియదు. కానీ మూడో మాటు అంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. నల్లటి ముఖాలతో ఒక్కొక్కరే వచ్చి, "జడ్జి బెదిరిచ్చినంక గుడనా?" అని అడిగి, నా చెయ్యి పట్టుకుని ఊపి పోయారు. ఒక ముసలి కాక అయితే తలకున్న దీపం తీయడం కూడా మరిచి నన్ను దగ్గరికి తీసుకున్నాడు. ఇంటికి పోయేసరికి చేతులు, తెల్ల చొక్కా, ఒక చెంప, అన్నీ బొగ్గు.

చెల్లె రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి నా రాక్షసులకు ముక్కులు గీసి పెట్టింది. మరుసటి ఏడు ఉన్న ఒక్క సీటూ తనే గెలుచుకుని పోయింది, నేను పెట్టె మోసుకుంటూ వెంట పోయాను. ఆ తర్వాత నేనూ చాలా ఆటలు ఆడాను, కొన్ని గెలిచాను. ఇప్పుడు నాకు నడుమునొప్పి, కళ్లద్దాలు, సన్న కుంచె పట్టుకుంటే వణికే చెయ్యి ఉన్నాయి. ఆ రోజు బొగ్గు చేతులతో, నాలుగో స్థానం వచ్చినవాడు మొదటి స్థానం వచ్చినట్టు, కావాలనే ప్రతి వీధీ చుట్టి, అందరూ చూడాలని నెమ్మదిగా సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి పోయిన ఆ పిల్లవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. ఎవరైనా "ఏమైందిరా?" అని అడగకపోతారా అని మార్కెట్ దగ్గర రెండుసార్లు తిరిగాడు. ఎవరూ అడగలేదు. ఇప్పటి నేను ఆ రోజు వాడికి ఎదురుపడి ఉంటే అడిగేవాణ్ణి, వాడు మొదటి నుంచి చివరిదాకా చెప్పేదాకా నిలబడి వినేవాణ్ణి.